పప్పు ఉడికిందని మంచినీళ్లు అనుకోవద్దు

ప్రశ్న: దేశంలో అడవి పెరిగిందనీ, 15 కోట్ల పల్లె ఇళ్లకు కుళాయి వచ్చిందనీ, పట్టణాల్లో గాలి మెరుగవుతోందనీ పేపర్లో చదివాను. మా ఊరి కొండ మీద చూస్తే చిల్లకంప తప్ప ఏమీ లేదు. కుళాయి బిగించారు గానీ అందులో వచ్చేవి బోరు నీళ్లే. పప్పు మెత్తగా ఉడుకుతోంది కాబట్టి అవి మంచి నీళ్లేనంటారు మా అత్తగారు. నేను పిల్లలకు కాచి చల్లార్చి ఇస్తున్నాను. ఇంతకీ ఆ లెక్కలు నిజమేనా?
– ఒక టీచరు, దర్శి మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: లెక్కలు అబద్ధం కాదమ్మా. కాకపోతే ఏది లెక్కపెట్టారో చూడాలి.

2023 అటవీ నివేదిక ప్రకారం దేశంలో అడవి 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే 21.76 శాతం. విడిగా ఉన్న చెట్లను కూడా కలిపితే 25.17 శాతం. 1988 అటవీ విధానం పెట్టుకున్న లక్ష్యం 33 శాతం. ఉపగ్రహం పైనుంచి చూసేది పచ్చదనాన్ని. ఒక హెక్టారు, అంటే మన రెండున్నర ఎకరాలకు మించిన చోట కొమ్మల నీడ పది శాతం దాటితే చాలు, అది అడవి కిందే లెక్క. ఏ జాతి చెట్టు, భూమి ఎవరిది అని చూడరు. మన జిల్లాలో పేపరు మిల్లులకు వేసే జామాయిల్, సుబాబుల్ తోటలు, మామిడి తోటలు, గుబురుగా పెరిగిన చిల్లకంప కూడా అందులోకే వస్తాయి. నల్లమలలో వందేళ్ల చెట్టున్న ఎకరం, నాలుగేళ్లకోసారి కొట్టేసే జామాయిల్ ఎకరం ఆ మొత్తంలో సమానమైపోతాయి. నాకు మింగుడుపడనిది అదే.

గాలి సంగతికొస్తే, 2019లో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో 130 పట్టణాలున్నాయి. ఒంగోలు, నెల్లూరు కూడా ఆ జాబితాలోవే. అక్కడ ముఖ్యంగా చూసేది పీఎం10 అనే దుమ్ము. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో అది 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. పట్టణం గాలి బాగుపడిందంటే చీమకుర్తి క్వారీల పక్క ఊళ్లలో కూడా బాగుపడిందని కాదు.

మీరు ముందు చూసుకోవాల్సింది నీళ్లు. తాగునీటి పథకాల మీద పనిచేసినవాణ్ణి కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించేనాటికి కుళాయి ఉన్న పల్లె ఇళ్లు 3.23 కోట్లు. ఇప్పుడు 15 కోట్లు దాటాయి. బిందె మోసిన ఆడవాళ్లకు అదెంత మేలో నేను కళ్లారా చూశాను, తక్కువ చేసి మాట్లాడను. అయితే కుళాయి ఉన్నంత మాత్రాన అందులో ఫ్లోరైడ్ లేనట్టు కాదు. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, నెల్లూరు జిల్లా ఊళ్లను చూసే. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక ఇటు కలిశాయి.

అత్తగారికి నిదానంగా చెప్పండి. పప్పు ఉడక్కపోతే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నాయని అర్థం. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. పైగా కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా కరగదు, కాల్షియం తక్కువగా ఉన్న మెత్తని నీళ్లలోనే ఎక్కువ కరుగుతుంది. అంటే పప్పు చక్కగా ఉడికే బోరునే ముందు అనుమానించాలి. ఈ మాట చెప్తే ఊళ్లలో ఎవరూ ఒక పట్టాన నమ్మరు.

కాచితే సరిపోతుందనుకోకండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకైతే, చిగుళ్ల లోపల తయారవుతున్న పళ్లకే దెబ్బ తగులుతుంది. పన్ను వచ్చాక కనిపించే ఆ గోధుమరంగు గార ఎంత తోమినా పోదు.

నీళ్లు పరీక్ష చేయించండి. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్టుతో పరీక్ష నేర్పాలని జల్ జీవన్ పథకంలోనే ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురెవరో పంచాయతీలో అడగండి. మందు చుక్కలు వేసిన నీళ్లు గులాబీ రంగులో ఉంటే ఫ్లోరైడ్ తక్కువ, పసుపు వైపు తిరిగిన కొద్దీ ఎక్కువ. తర్వాత ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రంలో అంకె రాయించుకోండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుంటే నిశ్చింతగా తాగొచ్చు. 1.5 దాటితే తాగడానికి, వంటకు రెండింటికీ మానాలి. ఆర్వో ప్లాంటు నుంచి క్యాను కొంటుంటే ఆ నీళ్లు కూడా ఒక సీసా ఇవ్వండి, ఎందుకంటే ప్లాంటులోని వడపోత పొర పాతబడితే ఫ్లోరైడ్ దాటుకుని వచ్చేస్తుంది. సాగర్ కాలువ నీళ్లు గానీ, డాబా మీద పట్టిన వాన నీళ్లు గానీ దొరికితే వాటిలో ఫ్లోరైడ్ బాధ ఉండదు. కాచాల్సింది ఆ నీళ్లను.

పరీక్ష కాగితం వచ్చాక అందులోని ఫ్లోరైడ్, కాల్షియం అంకెలు, బోరు లోతు రాసి పంపండి. చూసి చెప్తాను.