రెండు షుగర్ మిషన్లు, రెండు రకాల అంకెలు.. ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 61. షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటాను. ఆస్పిరిన్ 75 కూడా ఉంది. ఇంట్లో ఒక పాత మిషన్, మా అబ్బాయి పంపిన కొత్త మిషన్ ఉన్నాయి. మొన్న పరగడుపున ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాడు. 150 వచ్చింది. అదే సమయానికి పాత మిషన్‌లో మూడుసార్లు చూస్తే 168, 171, 166. కొత్తదాంట్లో 139, 163, 151. పాతదాంట్లో 165 దాటిన రోజు అర మాత్ర ఎక్కువ వేసుకుంటున్నాను. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.1, హిమోగ్లోబిన్ 9.4. ఈమధ్య పదకొండు గంటలప్పుడు చెమటలు, వణుకు వస్తున్నాయి, ఎండల వల్లేమో. రెండింట్లో ఏ మిషన్ పారేయాలి? మా అబ్బాయి మూడోది పంపుతానంటున్నాడు.
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మిషన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అర మాత్ర ఆపేయండి, ఇవాళ్టి నుంచే. అసలు మోతాదు కూడా తగ్గించాలా అన్నది మీ డాక్టర్ తేల్చాలి. వచ్చే నెల చెకప్ దాకా ఆగకుండా ఈరోజే ఫోన్ చేసి అడగండి.

చెమటలు, వణుకు అని చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను ఆగింది అక్కడే. గ్లిమిపిరైడ్ వాడేవారికి టిఫిన్‌కీ భోజనానికీ మధ్య ఇలా అవుతుంటే షుగర్ పడిపోతోందేమోనని ముందు అనుమానించాలి. మీ వయసులో గుండె సంగతి కూడా చూడాలి, కాబట్టి ఈసీజీ తీయించుకోండి. ఈలోగా మళ్లీ అలా అనిపిస్తే వెంటనే వేలు గుచ్చి చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. మీ పాత మిషన్ ఎక్కువ చూపించే రకంలా ఉంది, కాబట్టి దాంట్లో 80 కనిపించినా ధీమాగా ఉండొద్దు. మిషన్ దగ్గర్లో లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకుండా ముందు గ్లూకోజ్ తాగేయండి. ఈ మందుతో పడిన షుగర్ ఒకసారి లేచి గంటల తర్వాత మళ్లీ పడవచ్చు. అందుకని తర్వాత అన్నం తినాలి, ఆ రోజంతా ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమని మీవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇంకో మాట. ఇలాంటి కలిపిన మాత్రల్లో మెట్‌ఫార్మిన్ చాలావరకు నెమ్మదిగా కరిగే రకమే ఉంటుంది. అట్ట మీద పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉంటే దాన్ని విరగ్గొట్టకూడదు. విరిగితే రోజంతా కొద్దికొద్దిగా కరగాల్సిన మందు ఒక్కసారే లోపలికి పోతుంది. పెద్దవారు, కోప్పడటం బాగుండదు గానీ, పదకొండేళ్లుగా మందులు వాడుతున్న మనిషి మిషన్ అంకె చూసి తనకు తానే డోసు రాసుకోవడం ఏమిటండీ? ఇన్సులిన్ వేసుకునేవారిలో కొందరికి అంకెను బట్టి ఎన్ని యూనిట్లు మార్చుకోవాలో మేమే రాసిస్తాం. మాత్రలకు ఆ పద్ధతి లేదు. పైగా ఆ గీత మీరెక్కడ గీసుకున్నారో చూడండి. 165. ఒకే ఉదయం, ఒకే మనిషికి మీ పాత మిషన్ 166 అంది, 171 అంది. అంటే నిన్న 163, ఇవాళ 167 వస్తే ఒంట్లో షుగర్ ఏమీ మారకపోయి ఉండవచ్చు. మారింది మిషన్ మాటే. దానికి మీరు మందు వేసుకుంటున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్న. పాత మిషన్ మూడు అంకెలూ ఐదు తేడాలోనే ఉన్నాయి, కానీ మూడూ ల్యాబ్ కన్నా దాదాపు 18 పైన ఉన్నాయి. పది నిమిషాలు ముందు నడిచే గోడగడియారం లాంటిది అది. కొత్తదాని సగటు 151, అంటే ల్యాబ్ అంకె పక్కనే. కానీ 139కీ 163కీ మధ్య 24 తేడా ఉంది. సగటు బాగుంది కదా అని కొత్తదాన్ని నెత్తిన పెట్టుకోవద్దు. రోజూ మూడు స్ట్రిప్పులు వాడి సగటు కట్టరు కదా, మీరు చూసేది ఒక్క అంకెనే. పెరుగుతోందా తగ్గుతోందా అని వారాల తరబడి గమనించడానికి పాతదే నయం. అలాగని ప్రతిసారీ 18 తీసేసి లెక్క వేసుకోకండి. 150 దగ్గర ఉన్న తేడా 80 దగ్గరా 300 దగ్గరా అంతే ఉండాలని లేదు.

నిజానికి ఆ ఆరు అంకెల్లో ఏదీ తప్పు కిందకు రాదు. ఇంటి మిషన్లకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 2013లో పెట్టిన ప్రమాణం ప్రకారం, షుగర్ 100, ఆపైన ఉన్నప్పుడు 95 శాతం రీడింగులు ల్యాబ్ విలువకు 15 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. 150కి ఆ లెక్క వేస్తే సుమారు 128 నుంచి 172 దాకా పాసే.

ల్యాబ్ 150నీ దేవుడి మాట అనుకోకండి. గొట్టంలో ఉన్నా రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో అలాగే వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. అందుకే ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలో తీసుకుంటారు. అయినా మొదటి గంట రెండు గంటల్లో కొంత తగ్గుతుంది. ఇంట్లో తీసిన మీ రక్తం ల్యాబ్‌కు చేరేసరికి ఎంతసేపు పట్టిందో అడగండి. ఈసారి మిషన్ తీసుకుని మీరే పరగడుపున ల్యాబ్‌కు వెళ్లండి. రక్తం తీయగానే అక్కడే వేలు గుచ్చి చూసుకోండి. తిన్నాక పోల్చవద్దు, అప్పుడు వేలి రక్తంలో సిర రక్తం కన్నా షుగర్ ఎక్కువే ఉంటుంది.

మిషన్ల కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది హిమోగ్లోబిన్ 9.4. హిమోగ్లోబిన్ ఇలా తగ్గి రక్తహీనత ఉంటే చాలా స్ట్రిప్పులు షుగర్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. పాత మిషన్ తేడాకు కారణం ఇదే కావచ్చు, కాకపోనూ వచ్చు, చూడకుండా చెప్పలేను. మూడు నెలల షుగర్ కూడా ఇలాంటప్పుడు దారి తప్పిస్తుంది. ఐరన్ లోపంలో అసలుకన్నా ఎక్కువ చూపవచ్చు, రక్తం పోతుంటే తక్కువ చూపవచ్చు. కాబట్టి మీ 7.1 చూసి సంతోషించడానికి గానీ దిగులు పడటానికి గానీ నేను తొందరపడను. మగవారికి ఈ వయసులో 9.4 అంటే ఐరన్ టానిక్ కొనుక్కుని తాగి ఊరుకునే విషయం కాదు. ఆస్పిరిన్ వల్ల కడుపులో రక్తం కారుతోందా, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడి బీ12 తగ్గిందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూడాలి. కిడ్నీ పని తగ్గితే గ్లిమిపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ చెమటలకు అదీ ఒక కారణం కావచ్చు. మలం నల్లగా వస్తుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆస్పిరిన్ మాత్రం అడగకుండా ఆపకండి.

స్ట్రిప్పుల డబ్బా వంటింట్లో పెట్టడం, మూత సగం తీసి వదిలేయడం, మామిడిపండు కోసిన చేతిని కడగకుండా గుచ్చుకోవడం మీ ఇంట్లో ఉంటే మానేయండి.

మూడో మిషన్ వద్దని మీ అబ్బాయికి చెప్పండి. ఆ డబ్బుతో సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పని), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, మలంలో రక్తం పరీక్ష చేయించుకుని, మాత్రల అట్టలు, రెండు మిషన్లు సంచిలో వేసుకుని ఈ వారంలోనే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అర మాత్రలు ఎన్ని రోజులుగా వేసుకుంటున్నారో ఆయనకు దాచకుండా చెప్పండి.