లివర్ క్యాన్సర్ వైద్యం: డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇది చదువు

చిన్నా,

నాన్న రిపోర్టు చూశాను. నాలుగు సెంటీమీటర్ల గడ్డ, ఒక్కటే. ఆపరేషన్ ఎప్పుడు చేస్తారని నువ్వు అడుగుతున్నావు గానీ, అంతకంటే ముందు మిగతా లివర్ ఎలా ఉందో అడగాలి. ఇన్నేళ్లు లివర్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఈ క్యాన్సర్ చాలామందిలో హెపటైటిస్ బి, సి వల్లో, మద్యం వల్లో, కొవ్వు పేరుకునో అప్పటికే సిరోసిస్ వచ్చిన, అంటే మచ్చలు పడి గట్టిపడిన లివర్‌లోనే పుడుతుంది, అందులోంచి ముక్క కోసేస్తే మిగిలినది ఒంటిని మోయగలగాలి కదా.

అందుకే లివర్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే చైల్డ్-ప్యూ గ్రేడు అడుగు. బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, పొట్టలో నీరు, మనిషి తికమకపడటం, ఈ అయిదూ చూసి ఎ (బాగుంది), బి, సి (బాగా దెబ్బతింది) అంటారు. ఎ అయితే కోసి తీయడం గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు. సూదితో గడ్డను కాల్చే పద్ధతి మూడు సెంటీమీటర్ల లోపు వాటికి బాగా పనిచేస్తుంది.

లివర్ మార్పిడి సంగతి వాళ్లు ఎత్తకపోయినా నువ్వే ఎత్తు. 1996లో వచ్చిన మిలాన్ ప్రమాణాల ప్రకారం అయిదు సెంటీమీటర్లు దాటని గడ్డ ఒకటి, లేదా మూడు సెంటీమీటర్లు దాటని గడ్డలు మూడు వరకు ఉండి, రక్తనాళాల్లోకి గానీ లివర్ బయటికి గానీ పాకకపోతే మార్పిడికి పనికొస్తారు. గడ్డతో పాటు సిరోసిస్ కూడా పోతుంది, అదే దీని గొప్ప.

కోయడం కుదరకపోతే టేస్ అంటారు. గడ్డ ఎక్కువగా ధమని రక్తం మీదే బతుకుతుంది, మంచి లివర్‌కేమో ఎక్కువ రక్తం పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తుంది. అందుకని తొడ దగ్గర్నుంచో మణికట్టు దగ్గర్నుంచో సన్నని గొట్టం పంపి, గడ్డకు వెళ్లే ధమనిలో కీమో మందు వదిలి దారి మూసేస్తారు. తర్వాత కొన్ని రోజులు జ్వరం, కుడిపక్క నొప్పి, వికారం మామూలే, టెన్షన్ పడొద్దు. చలితో వణుకు వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం ఆ రాత్రే తీసుకెళ్లు.

పాకిపోయిన జబ్బుకు 2007 నుంచి సొరాఫెనిబ్ మాత్ర ఉంది, 2020 నుంచి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు మందులు కలిపి ఇస్తున్నారు. ఈ జంట మందులు మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ అయిందా అని అడుగు, అన్నవాహికలో ఉబ్బిన నరాలు ఉంటే రక్తస్రావం కావచ్చు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు మార్పిడి కుదరకపోతే నొప్పి, నీరు తగ్గించి మనిషిని సుఖంగా ఉంచడమే సరైన వైద్యం, అది చేతులెత్తేయడం కాదు.

ఒక్క సర్జన్ మాట మీదే ఆగకు. సర్జన్, లివర్ డాక్టరు, స్కాన్‌లు చూసే రేడియాలజిస్టు, క్యాన్సర్ డాక్టరు (ఆంకాలజిస్టు) కలిసి కూర్చుని చూసే ట్యూమర్ బోర్డులో పెట్టమను. ఈలోగా నాన్నకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వకు, ఎవరో చెప్పిన ఆకుమందులు అసలే వద్దు. హెపటైటిస్ బి ఉంటే దానికి వాడే మందు ఒక్కరోజు కూడా ఆపకూడదు. సీటీ సీడీ, రక్తపరీక్షలు ఒకే ఫైల్లో పెట్టి, చైల్డ్-ప్యూ తెలియగానే ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య