ట్రెబుల్ తగ్గించినా చెవిలో గుచ్చుతోందంటే ముందు ట్వీటర్ ఎటు చూస్తోందో గమనించండి

కారులో కొత్త కాంపొనెంట్ స్పీకర్లు (సన్నని, పదునైన శబ్దాలకి చిన్న ట్వీటర్, మిగతావాటికి డోర్ స్పీకర్ అని విడివిడిగా వచ్చేవి) వేయించాక 'స', 'ష' వచ్చినప్పుడల్లా చెవిలో సూదులు గుచ్చినట్టుంది, ట్రెబుల్ తగ్గిస్తే పాటంతా చప్పగా అయిపోతోంది అన్నారు కదా. అచ్చంగా ఇదే బాధ నేను ఆరు నెలలు పడ్డాను. అరగంట డ్రైవ్ చేస్తే తలనొప్పి వచ్చేది. స్పీకర్లే మంచివి కావనుకుని మార్చేయబోయాను కానీ తప్పు వాటిది కాదు.

ట్రెబుల్ నాబ్ చాలా స్టీరియోల్లో 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పని చేస్తుంది. మన చెవికి మాత్రం 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దమే బాగా తగులుతుంది, 'స' కారం బుసలు 5 నుంచి 8 మధ్య ఉంటాయి. అంటే నాబ్ తిప్పితే తాళాల మెరుపు, పాటలోని సున్నితత్వం పోతాయి, గుచ్చుకునేది చాలావరకు అలాగే ఉంటుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి ట్వీటర్ మీద కప్పి, బాగా ఇబ్బంది పెట్టే పాటే వేయండి. హాయిగా అనిపిస్తే సమస్య ట్వీటర్‌ది. తేడా లేకపోతే డోర్ స్పీకర్‌ని అనుమానించాలి. వాల్యూమ్ పెంచినప్పుడే గరగరలాడుతుంటే మాత్రం స్టీరియోకి పవర్ చాలడం లేదని అర్థం. డబ్బా మీద 50 వాట్లు అని ఉన్నా లోపలి ఆంప్లిఫయర్ ఒక్కో స్పీకర్‌కి నిలకడగా ఇచ్చేది దాదాపు 20 వాట్లే. లౌడ్‌నెస్, 'రాక్' లాంటి ప్రీసెట్లు ఆన్‌లో ఉంటే అవి కూడా తీసేయండి.

నా కారులో ట్వీటర్లు డ్యాష్‌బోర్డ్ మూలల్లో అద్దం వైపు చూస్తూ ఉండేవి. నేరుగా వచ్చే శబ్దానికి అద్దం మీద కొట్టుకుని వచ్చేది తోడై రెండింతలు పదునెక్కేది. ఒక ఆదివారం వాటిని ఊడదీసి, డబుల్ టేప్‌తో తాత్కాలికంగా అంటించి, డ్రైవర్ సీట్లోనే కూర్చుని ఒకే పాట మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటూ కొంచెం కొంచెం తిప్పాను. ముఖానికి సూటిగా కాకుండా, రెండు ముందు సీట్ల మధ్య పైకప్పు లైటు వైపు తిరిగేసరికి గాయని గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఆ మార్పు ఇప్పటికీ తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది.

ఆ తర్వాత మిగిలింది కొద్దిగానే. మీ క్రాసోవర్ డబ్బాలో (శబ్దాన్ని ట్వీటర్‌కీ డోర్ స్పీకర్‌కీ విడగొట్టి పంపేది) ట్వీటర్ శబ్దం తగ్గించడానికి 0, -3 డీబీ (డెసిబెల్) అని జంపర్, అంటే చోటు మార్చి పెట్టే చిన్న పిన్ను, ఉంటే -3కి మార్చండి. నాదాంట్లో లేదు, అందుకే 4 ఓమ్‌ల ట్వీటర్‌కి 1.2 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో, దాని తర్వాత 10 ఓమ్‌లది ట్వీటర్‌కి ప్యారలల్‌గా పెట్టాను, సుమారు 3 డీబీ తగ్గింది. ఒక్క సిరీస్ రెసిస్టరే పెడితే క్రాసోవర్ లెక్క మారిపోతుంది, రెండూ ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. ఇవి క్రాసోవర్‌కీ ట్వీటర్‌కీ మధ్యే రావాలి. 10 వాట్ల వైర్‌వౌండ్ రకం తీసుకోండి, వేడెక్కుతాయి కాబట్టి ప్లాస్టిక్‌కి గానీ వైర్లకి గానీ తగలకుండా బిగించండి.