సంఘ వధువా, వధువు సంఘమా?

సందేహం: మా చర్చి కరపత్రంలో ‘క్రీస్తు రాకకై ఎదురుచూసే వధువు సంఘం’ అని రాశాం. ‘సంఘ వధువు’ అనాలని ఒకరు అభ్యంతరం చెప్పారు. ఏది సరి? తర్వాతి వాక్యంలో ‘ఆమె’ అనాలా, ‘అది’ అనాలా? బైబిల్లో పౌలు రాసిన రెండో కొరింథీ పత్రికలో (లేఖలో) ‘మిమ్మును ప్రధానము చేసితిని’ అంటే ముఖ్యులుగా చేశాననా?
– ఒక పాఠకురాలు

సమాధానం: నా మొగ్గు ‘సంఘ వధువు’ వైపే. సంఘమంటే ఇక్కడ క్రీస్తు విశ్వాసుల సమూహం. సంఘమనే వధువు అని విగ్రహవాక్యం. సంసార సాగరం, జ్ఞానజ్యోతి లాంటి రూపక సమాసం ఇది. ‘వధువు సంఘం’ తప్పని కొట్టేయలేం. వధువైన సంఘం అని విడదీసుకోవచ్చు, ప్రసంగాల్లో ఆ మాట పాతుకుపోయింది కూడా. కానీ కరపత్రాన్ని చర్చికి రానివాళ్లూ చదువుతారు. రైతు సంఘం, మహిళా సంఘం అని రోజూ వినేవాళ్లు దాన్ని వధువులు పెట్టుకున్న సంఘం అనుకునే ప్రమాదముంది. సమాసం వద్దనుకుంటే ‘వధువైన సంఘం’ అని విప్పి రాయండి.

‘ఆమె’, ‘అది’ సంగతి ఉత్తరపదాన్ని, అంటే చివరి మాటను బట్టి తేలుతుంది. సంఘ వధువు అంటే ఆమె, వధువైన సంఘం అంటే అది. తెలుగులో అమ్మాయి అయినా బండి అయినా ‘వచ్చింది’ అనే అంటాం కాబట్టి క్రియ దగ్గర చిక్కు లేదు, సర్వనామం దగ్గరే వస్తుంది. గ్రీకులో సంఘానికి వాడిన ‘ఎక్లేసియా’ స్త్రీలింగం. అందుకే ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో ఒకే సర్వనామం సంఘానికీ, వధువుకీ అతికినట్టు సరిపోయింది. మన పాత అనువాదంలో మాత్రం క్రీస్తు ‘దానికొరకు తన్నుతాను అప్పగించుకొనెను’ అని ఉంటుంది. వ్యాకరణపరంగా వంక పెట్టలేం. అయితే అదే వాక్యంలో కళంకం, ముడత లేకుండా అన్నప్పుడు పెళ్లికూతురి ముఖం కళ్లముందు మెదలాలి. ‘అది’ అనేసరికి ఏదో బట్ట గురించి చెబుతున్నట్టుంది. నాకైతే అది నిజంగా లోటే.

మీరు అడగకపోయినా ఒక మాట. ‘మేము నీ వధువులము’ అని రాయకండి. ప్రకటన గ్రంథం 19వ అధ్యాయంలో గొర్రెపిల్ల (అంటే క్రీస్తు) భార్య ఒక్కతే, పెండ్లి విందుకు పిలుపు అందుకున్నవారు చాలామంది. ఒక్కో ఆత్మనూ వధువుగా చూసే సంప్రదాయమూ ఉంది. 12వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి బెర్నార్డ్ బైబిల్లోని ప్రేమగీతాల పుస్తకమైన పరమగీతం మీద చేసిన 86 ప్రసంగాలు ఆ దారివే. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లోని నాయిక తెలిసిన మనకు అది కొత్త కాదు. కానీ అక్కడైనా ‘నేను’ అంటుంది, ‘మేము’ అనదు.

ఇక ప్రధానం. ఇక్కడ ముఖ్యమని కాదు, పెళ్లి నిశ్చయమని అర్థం. ప్రధానపుటుంగరంలో ఉన్నదీ ఈ మాటే. మరియ యోసేపుకు ‘ప్రధానము చేయబడిన తరువాత’ అని మత్తయి సువార్త తెలుగులో చదువుతాం. కొరింథు విశ్వాసులను కన్యగా క్రీస్తుకు ఇచ్చే పెద్దరికం పౌలు తన మీద వేసుకున్నాడు. ఆనాటి యూదుల్లో ప్రధానమయ్యాక సంబంధం తెంచుకోవాలంటే విడాకులివ్వాల్సిందే. మరియను రహస్యంగా విడనాడాలని యోసేపు అనుకున్నది కాపురానికి ముందే కదా! అందుకే ఆ కొరింథీ వచనం పక్కన ‘నిశ్చితార్థం’ అని మాత్రమే వేస్తే చాలదు. ‘విడాకులతో తప్ప తెగని నిశ్చితార్థం’ అని వేయండి.