మస్ట్, మే, మైట్, కుడ్: క్లయింట్ మెయిల్‌లో ఏది రాయాలి?

"క్లయింట్‌కి కారణం చెప్పేటప్పుడు మస్ట్ అనాలా, మే అనాలా, మైట్ అనాలా? ఒక్కోదానికి ఎంత శాతం నమ్మకం ఉండాలి?" అని అడిగారు. ఆ శాతాల పట్టికలు పక్కన పెట్టేయండి. మాదాపూర్‌లో సపోర్ట్ టీమ్‌లో ఉంటూ రోజూ ఇలాంటి మెయిల్స్ రాసేవాణ్ని, దిద్దేవాణ్ని. నేను చూసేది ఒక్కటే: ఆ మాట చెప్పడానికి నా దగ్గర ఏముంది?

సర్వర్ ఆగిపోయిందని స్క్రీన్ మీద చూశారనుకోండి, "ద సర్వర్ ఈజ్ డౌన్" అంటే చాలు. చూడలేదు, కానీ ఎవరికీ లాగిన్ కావడం లేదు, పింగ్‌కి (సర్వర్ పలుకుతోందా అని పంపే చిన్న సందేశానికి) జవాబు లేదు, మిగతావన్నీ నడుస్తున్నాయి. అప్పుడు "ద సర్వర్ మస్ట్ బి డౌన్". మస్ట్ వినడానికి గట్టిగా ఉంటుంది గానీ అది ఊహే, చూసి చెప్పినదానికంటే ఒక మెట్టు కిందే. ఇంకా ఏమీ తేలక, ఒక కారణం తోచిందంతే అయితే మైట్ లేదా కుడ్.

అసలు చిక్కు నాట్ చేరినప్పుడు వస్తుంది. ఊహ చెప్పే మస్ట్‌కి వ్యతిరేకంగా మామూలుగా వాడేది కాంట్. "ఇట్ కాంట్ బి ద నెట్‌వర్క్" అంటే నెట్‌వర్క్ అయ్యే అవకాశమే లేదని. మస్ట్ నాట్ అంటే ఎక్కువగా 'చేయకూడదు' అనే అర్థమే వస్తుంది. మైట్ బి, కుడ్ బి దాదాపు ఒకటే కదా, కానీ మైట్ నాట్ బి అంటే 'కాకపోవచ్చు', కుడ్ నాట్ బి అంటే 'అయ్యే వీలే లేదు'. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకతను మొదటిది చెప్పాలనుకుని రెండోది రాశాడు. నెట్‌వర్క్ వాళ్లు హమ్మయ్య అనుకుని కాల్ నుంచి వెళ్లిపోయారు. తీరా చూస్తే తప్పు అక్కడే ఉంది. మళ్లీ వాళ్లను పిలిచేసరికి రాత్రయింది.

మనవాళ్లకి క్యాన్ ఇంకో తలనొప్పి. 'రేపు వర్షం పడొచ్చు', 'మీరు లోపలికి రావొచ్చు' రెండూ మనకి ఒకేలా ఉంటాయి, దాంతో "ఇట్ క్యాన్ రెయిన్ టుమారో" అని వచ్చేస్తుంది. ఫలానా రోజు సంగతికి మైట్, మే, కుడ్ వాడండి. ఎప్పుడూ ఉండే తీరుకి క్యాన్ సరిపోతుంది: "హైదరాబాద్ క్యాన్ గెట్ వెరీ హాట్ ఇన్ మే". (ఇది మే నెల లెండి.)

జరిగిపోయినవాటికి మాత్రం తెలుగే దారి చూపిస్తుంది. ఎవరో రీస్టార్ట్ చేసి ఉంటారు: మస్ట్ హావ్ రీస్టార్టెడ్. చేసి ఉండొచ్చు: మైట్ హావ్. చేసి ఉండే అవకాశమే లేదు: కాంట్ హావ్. తప్పు ఎందుకు జరిగిందో వివరించే రూట్ కాజ్ రిపోర్ట్‌లో సగం వాక్యాలు వీటితోనే నడుస్తాయి.

మే, మైట్ తేడా గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. కొందరికి మైట్ కాస్త మెత్తగా వినిపిస్తుంది, అంతే. నేను మాత్రం ఆఫీసు మెయిల్స్‌లో మైట్ వైపే మొగ్గుతాను. ఎందుకంటే ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఈ మాటలకి వేరే అర్థాలున్నాయి. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ప్రమాణ పత్రం ప్రకారం మస్ట్ అంటే తప్పనిసరి, మే అంటే మీ ఇష్టం. అవతల చదివేది ఇంజనీర్ అయితే, "ద సర్వీస్ మే రీట్రై" అన్నది మీ అనుమానమా, లేక సర్వీస్‌కి ఇచ్చిన వెసులుబాటా అని తిరిగి అడుగుతాడు. మైట్ రాస్తే ఆ ప్రశ్న రాదు.