ముడతలు తగ్గించే ఇంజెక్షన్: పాఠకుల ప్రశ్నలకు చర్మవైద్యుల సమాధానాలు

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు పడ్డాయి. ఊరికే కూర్చున్నా ‘ఎవరి మీద కోపం?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. బొటాక్స్ వేయించుకుంటే ఈ గీతలు పూర్తిగా పోతాయా? అది అసలు విషమని కూడా విన్నాను. నిజమేనా?

సమాధానం: విషమన్న మాట నిజమే, అందులో దాచవలసింది ఏమీ లేదు. క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా తయారుచేసే ఈ పదార్థం పాడైన ఆహారంతో పాటు ఒంట్లోకి చేరితే కండరాలన్నీ చచ్చుబడి ప్రాణం మీదికి వస్తుంది. 1820లలో జర్మన్ వైద్యుడు జస్టినస్ కెర్నర్, పాడైన సాసేజీలు తిని చనిపోయినవారి లక్షణాలను వివరంగా రాసిపెడుతూనే, ఇదే పదార్థాన్ని అతి తక్కువ మోతాదులో మందుగా వాడవచ్చునేమోనని కూడా ఊహించాడు. ఆ ఊహ నిజం కావడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. మెల్లకన్నుకూ, రెప్పలు అదుపు తప్పి మూసుకుపోయే జబ్బుకూ దీన్ని వాడడానికి అమెరికాలో 1989లో అనుమతి లభించింది. అంతకు రెండేళ్ల ముందే కెనడాలో కంటి వైద్యురాలు జీన్ కరూథర్స్ ఆ రెప్పల జబ్బుకు ఈ సూది వేస్తుండగా, కనుబొమల మధ్య గీతలు కూడా మాయమవుతున్నాయని రోగి ఒకరు ఆమె దృష్టికి తెచ్చారు. ఆమె, చర్మవైద్యుడైన ఆమె భర్త కలిసి ముడతల మీద పరిశీలించి 1992లో ఫలితాలను ప్రచురించారు. మీరు అడిగిన కనుబొమల మధ్య గీతలకు అమెరికాలో అనుమతి 2002లో వచ్చింది.

ఇక పనిచేసే తీరు. నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం ముడుచుకుంటుంది. ఈ మందు ఆ విడుదలను కొన్ని నెలల పాటు అడ్డుకుంటుంది. అంటే ఇది చర్మానికి వేసే మందు కాదు, చర్మం కింద ఉన్న కండరానికి వేసే మందు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సమాధానం ఈ ఒక్క మాటలోనే ఉంది.

గీతలు పూర్తిగా పోతాయో లేదో మీరే కొంతవరకు తేల్చుకోవచ్చు. వెలుతురు ఉన్నచోట అద్దం ముందు కూర్చుని, ముందు ముఖం చిట్లించండి, తరువాత పూర్తిగా వదులు చేయండి. చిట్లించినప్పుడు పడిన గీత వదలగానే మాయమైతే, అది కేవలం కండరం చేస్తున్న పని కనుక ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. ముఖం ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా గీత నిలిచే ఉంటే, ఏళ్ల తరబడి ఒకే చోట మడిచిన కాగితానికి మడత ఉండిపోయినట్లు, చర్మంలోనే ఆ గాడి పడిపోయిందని అర్థం. అప్పుడు కండరం వదులైనా గాడి కొంత లోతు తగ్గుతుందే తప్ప చెరిగిపోదు. మీరు రాసిన తీరును బట్టి మీది రెండో రకానికి దగ్గరగా ఉన్నట్లు తోస్తోంది. ‘పూర్తిగా’ అనే మాటకు బదులు ‘చాలావరకు’ అనుకుని వెళితే నిరాశ ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లి ఇంకా పది రోజులు ఉంది. ఇప్పుడు మొదటిసారి వేయించుకుంటే ఆ రోజుకు ముఖం బాగుంటుందా?

సమాధానం: ఇప్పుడు వద్దండి. సూది వేసిన గంటలో ఏమీ మారదు. మూడు నాలుగు రోజులకు మార్పు మొదలై, పూర్తి ఫలితం కనిపించడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఒక కనుబొమ పైకి, ఒకటి కిందికి ఉండడం వంటి తేడాలు వస్తే బయటపడేదీ, సరిచేసేదీ ఆ రెండు వారాల తరువాతే. సూది గుచ్చిన చోట చర్మం కమిలితే ఆ నీలి మచ్చ వారం పది రోజులు ఉండవచ్చు. మొదటిసారి వేయించుకునేవారు ముఖ్యమైన రోజుకు కనీసం నెల నుంచి ఆరు వారాల ముందు వేయించుకోవడం మేలు. ఫలితం మూడు నుంచి నాలుగు నెలలు నిలుస్తుంది కాబట్టి ముందుగా వేయించుకోవడం వల్ల నష్టమేమీ లేదు. పది రోజుల్లో పెళ్లి ఉన్నవారికి ‘ఏం ఫరవాలేదు, రండి’ అని ఎవరైనా అంటే, ఆ తొందర వారిదే కాని మీది కాదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: నా స్నేహితురాలి ఇంట్లో ఆరుగురం కలిస్తే, ఒక బ్యూటీషియన్ మందు తెచ్చి అందరికీ అక్కడే వేస్తుందట. బయటికంటే చాలా చవక అంటున్నారు. వెళ్లవచ్చా? మంచి చోటును గుర్తుపట్టడం ఎలా?

సమాధానం: వెళ్లవద్దు. కారణం మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చవకదనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియకపోతే మళ్లీ ఇంకొకరి ఇంటికి పిలుపు వస్తుంది.

అసలు మందు సీసాను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూస్తే, అది ఖాళీగా ఉందని పొరబడతారు. అడుగున పలుచని తెల్లని పొర తప్ప మరేమీ కనబడదు. ఆ పొరనే సెలైన్ నీటిలో కరిగించి ఇంజెక్షన్‌గా వాడతారు. కరిగించిన తరువాత అది మంచినీళ్లలాగే ఉంటుంది. ఎంత సెలైన్ కలిపారో, ఎప్పుడు కలిపారో, అసలు ఆ సీసాలో ఏముందో చూపుతో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. తెరవని సీసాను సాధారణంగా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. కరిగించాక ఇరవైనాలుగు గంటల్లో వాడాలని బొటాక్స్ లేబుల్ చెబుతుంది. హ్యాండ్‌బ్యాగులో ఇల్లిల్లూ తిరిగిన సీసా ఈ నియమాలు పాటించిందని ఎలా నమ్ముతారు?

ఇది ఉత్త భయపెట్టడం కాదు. 2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో మనుషులకు వాడడానికి అనుమతి లేని గాఢమైన టాక్సిన్‌ను, అంటే ఇదే బాక్టీరియా విషాన్ని, ముడతల మందుగా వేయగా నలుగురు ఒళ్లు చచ్చుబడి వెంటిలేటర్ మీదికి చేరారు. 2024లో అదే దేశంలో నకిలీ బొటాక్స్ వల్లా, శిక్షణ లేనివారు వేసినందువల్లా పలు రాష్ట్రాల్లో జనం ఆసుపత్రుల పాలయ్యారని అక్కడి ఆరోగ్య శాఖలు హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది.

మంచి చోటును గుర్తించడానికి గోడలకు తగిలించిన ఫొటోలకంటే అక్కడ జరిగే పని తీరే బాగా ఉపయోగపడుతుంది. వేసేది వైద్యులేనా, లేక మీ ప్రాంతపు చట్టం అనుమతించే శిక్షణ పొందినవారేనా అన్నది అడగడానికి మొహమాటపడకండి. వారు మీ జబ్బుల గురించీ, మీరు వాడే మందుల గురించీ, ఇంతకు ముందు వేయించుకున్నారా, ఎప్పుడు అన్నదాని గురించీ అడగాలి. తరువాత మిమ్మల్ని కూర్చోబెట్టి ‘చిట్లించండి, కనుబొమలు పైకెత్తండి, గట్టిగా కళ్లు మూయండి, నవ్వండి’ అని ఒక్కొక్కటే చేయించి, కండరం ఎక్కడ ఉబుకుతోందో వేలితో తడిమి, పెన్సిల్‌తో చుక్కలు పెట్టాలి. ఇద్దరి ముఖాల్లో కండరం ఒకే తీరున ఉండదు కాబట్టి, ఈ ఐదు నిమిషాల పని చేయకుండా సూది తీసేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయడమే మంచిది. సీసాను మీ ముందు తెరవమని, పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూపించమని అడగండి; ఎన్ని యూనిట్లు వేశారో రాసి ఇమ్మనండి. కనుబొమల మధ్యకు బొటాక్స్ లేబుల్‌లో ఉన్న మోతాదు ఐదు చోట్ల నాలుగేసి చొప్పున ఇరవై యూనిట్లు. అదే చోటికి డిస్‌పోర్ట్ అనే బ్రాండు అయితే యాభై యూనిట్లు. ఒక కంపెనీ యూనిట్ మరో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు. అందుకే ‘అక్కడ ఇరవై అన్నారు, ఇక్కడ యాభై వేస్తామంటున్నారు’ అని బ్రాండు తెలియకుండా పోల్చుకుంటే మోసపోయేది మీరే.

ప్రశ్న: ఇంజెక్షన్ వేయించుకున్న వారానికి నా ఎడమ కనురెప్ప సగం వాలిపోయింది. ఇది ఇలాగే ఉండిపోతుందా? చాలా భయంగా ఉంది.

సమాధానం: ఉండిపోదు. కనుబొమల దగ్గర వేసిన మందు కొద్దిగా కిందికి జారి, పైరెప్పను ఎత్తే కండరాన్ని తాకితే ఇలా జరుగుతుంది. కనుబొమల మధ్య గీతలకు బొటాక్స్ అనుమతి పొందే ముందు జరిగిన పరీక్షల్లో సుమారు నూటికి ముగ్గురిలో ఈ ఇబ్బంది కనిపించింది. సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది; మందు ప్రభావం తగ్గేసరికి రెప్ప తన చోటికి వస్తుంది. ఈలోగా రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేపే ఎప్రాక్లోనిడిన్ వంటి చుక్కల మందు ఉంది, కానీ అది మీకు సరిపడుతుందో లేదో వైద్యులు చూసి రాయాలి. వేసినవారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి, ఒక ఫొటో కూడా తీసి ఉంచుకోండి.

ఇలాంటిదే మరొకటి ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కనుబొమలను పైకెత్తే కండరం నుదుటిలో ఉన్నది ఒక్కటే. వయసుతో పైరెప్పల చర్మం జారినవారు తమకు తెలియకుండానే రోజంతా ఆ కండరంతో కళ్లను తెరిచి ఉంచుకుంటారు, వారి నుదుటి అడ్డగీతలు ఆ శ్రమ వల్ల వచ్చినవే. ఆ గీతలు పోవాలని కండరాన్ని పూర్తిగా నిద్రపుచ్చితే నుదురు నునుపుగానే ఉంటుంది కానీ, కనుబొమలు బరువై కళ్ల మీద పడినట్లుంటాయి.

ఒక్క హెచ్చరిక మాత్రం ఎవరూ తేలికగా తీసుకోకూడదు. మింగడం, మాట్లాడడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, చూపు రెండుగా కనిపించినా, ఒంట్లో నీరసం పాకుతున్నట్లున్నా, గంటల్లోనైనా వారాల తరువాతైనా సరే, వేసినవారి కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. మందు వేసిన చోటు దాటి పాకే ఈ ప్రమాదం అరుదే అయినా, 2009 నుంచి అమెరికాలో ఈ మందుల లేబుళ్ల మీద దీన్ని గడి కట్టి మరీ ముద్రిస్తున్నారు.

ప్రశ్న: గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాను. మా చెల్లెలు పసిబిడ్డకు పాలిస్తోంది. మేమిద్దరం వేయించుకోవచ్చా?

సమాధానం: మీ చెల్లెలిని ఆగమనండి. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఇది సురక్షితమని చెప్పగల పరిశీలనలు తగినన్ని లేవు. అందం కోసం వేసుకునే మందు కొన్ని నెలలు ఆలస్యమైతే వచ్చే నష్టమూ లేదు. మీ విషయానికి వస్తే, ఆస్పిరిన్ వల్ల చర్మం కమిలే అవకాశం ఎక్కువే, అయినా గుండెకు రాసిన మందును ముడతల కోసం మీ అంతట మీరు ఆపకండి. వేసేవారికి ముందే చెబితే సన్నని సూది వాడి, గుచ్చిన చోట కాసేపు అదిమిపెడతారు. మయస్థీనియా గ్రావిస్ వంటి నరాల, కండరాల జబ్బులున్నవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. సూది వేసే చోట చీము, పొక్కులు ఉంటే అవి మానాకే రావాలి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఈ మందు ప్రభావాన్ని పెంచుతాయి. ఆవుపాల ప్రొటీన్ పడనివారికి డిస్‌పోర్ట్ వేయకూడదు.

ప్రశ్న: ముక్కు పక్క నుంచి పెదవి చివరి వరకు దిగే గీతలకు కూడా ఇదే ఇంజెక్షనా?

సమాధానం: కాదు. అక్కడి కండరాలను నిద్రపుచ్చితే నవ్వు వంకర అవుతుంది. ఆ చోట సాధారణంగా ఫిల్లర్లు, అంటే హైలురోనిక్ యాసిడ్ వంటి జెల్‌ను చర్మం కింద నింపే ఇంజెక్షన్లు వేస్తారు. రెండూ సూదులే కదా అని జనం రెంటినీ ఒకటిగా కలిపేస్తారు కానీ, ఫిల్లర్‌కు దాని ప్రమాదం దానికుంది: జెల్ రక్తనాళంలోకి వెళితే ఆ చోటి చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా కంటి చూపే పోవచ్చు. హైలురోనిక్ యాసిడ్ జెల్‌ను కరిగించే హైలురోనిడేజ్ అనే మందు సిద్ధంగా లేని చోట ఫిల్లర్ వేయించుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవైనాలుగేళ్లు. ముడతలు రాకముందే మొదలుపెడతానంటోంది. ఒకసారి మొదలుపెట్టి ఆపేస్తే ముఖం ఇంకా ముడతలు పడుతుందా?

సమాధానం: ఆపేస్తే కండరం మెల్లగా తన బలానికి వస్తుంది, పాత గీతలు పాతగానే తిరిగి వస్తాయి; అంతకంటే ఎక్కువ కావు. కొన్ని నెలలు నునుపుగా ఉన్న ముఖానికి కళ్లు అలవాటు పడినందువల్ల అవి ఎక్కువైనట్లు అనిపిస్తుంది, అంతే. ఇక మీ అమ్మాయి సంగతి: చిట్లించినా గీత నిలవని ముఖానికి సూదితో పనిలేదని నా అభిప్రాయం. ఈ వయసులో చర్మానికి ఎక్కువ మేలు చేసేవి రోజూ రాసుకునే సన్‌స్క్రీన్, పొగ తాగకపోవడం. అయినా వేయించుకుంటానని పట్టుబడితే, మూడు నెలల లోపు మళ్లీ వేయించుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి, ఎందుకంటే తరచుగా ఎక్కువ మోతాదులు పడితే కొందరి శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకుని మందు పనిచేయకుండా పోతుంది. తరువాతెప్పుడైనా నరాల జబ్బుకో, కండరాల బిగుతుకో నిజంగా ఈ మందే అవసరమైతే అప్పుడు కూడా పనిచేయదు.