తప్పు పట్టగలిగినా మాట్లాడలేకపోతే ఆ చదువు వృథాయేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. తెలుగు మీడియంలో చదివిన మా అమ్మాయి నల్లగొండలో బి.ఏ. పూర్తి చేసి, హైదరాబాద్‌లో భాషాశాస్త్రం ఎం.ఏ. చేస్తానంటోంది. ఇంగ్లిష్ పేపర్లో తప్పులన్నీ పట్టేస్తుంది కానీ, బంధువుల ముందు మాట్లాడిస్తే అవే తప్పులు తానే చేస్తుంది, నేను దిద్దాల్సి వస్తుంది. దీనికన్నా ఆరు నెలల ఏఐ కోర్సు మేలు కదా? రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ బెంగంతా అమ్మాయి ఇంగ్లిష్ మీదే ఉంది. ఇదే బెంగతో సూర్యాపేట నుంచి, మహబూబ్‌నగర్ నుంచి ఏటా ఎందరో తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తారు కాబట్టి, ముందు దానికే సమాధానం చెబుతాను.

మీరు లోపమనుకుంటున్నదే ఆమె చదవాలనుకుంటున్న శాస్త్రంలో ఒక పెద్ద ప్రశ్న. రెండో భాష నేర్చుకునేవారికి వాక్యాలు ఇచ్చి, ఏది సరైనదో ఏది కాదో తేల్చమనే పరీక్షను గ్రామటికాలిటీ జడ్జిమెంట్ టెస్ట్ అంటారు. 'మై బ్రదర్ వర్క్ ఇన్ హైదరాబాద్' అన్న వాక్యాన్ని కాగితం మీద చూస్తే మీ అమ్మాయి నింపాదిగా 'వర్క్' కింద గీత గీసి 'వర్క్స్' అని దిద్దుతుంది. క్షణాల్లో చెప్పమంటే తడబడవచ్చు. వ్యవధి ఉంటే నేర్చుకున్న సూత్రం అక్కరకొస్తుంది, లేకపోతే ఒంటబట్టిన భాషే దిక్కు. 'అమ్మ వచ్చాడు' అంటే బడికి పోని పిల్లవాడు కూడా ఏ సూత్రమూ తెలియకుండానే నవ్వుతాడు. రెండో భాష ఎలా వస్తుందో పరిశోధించే రాడ్ ఎలిస్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, గడువు లేని పరీక్ష ఫలితాలు సూత్రజ్ఞానాన్ని కొలిచే పరీక్షతో, గడువు పెట్టిన పరీక్ష ఫలితాలు మాట్లాడించే పరీక్షలతో జత కలిశాయి. గడువు పెట్టినంత మాత్రాన ఒంటబట్టినదే బయటపడుతుందా అన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. తప్పు వాక్యాన్ని వేరే ఏదో కారణంతో కొట్టేసినవారికీ మార్కు పడుతుంది కాబట్టి, కొందరు పరిశోధకులు వాక్యాన్ని దిద్దమని కూడా అడుగుతారు.

అంటే మీ అమ్మాయికి ఇంగ్లిష్ రాకపోలేదు, వచ్చినది ఇంకా నాలుక మీదికి చేరలేదు. నలుగురిలో మాట్లాడించి, తప్పు దొర్లగానే మీరు దిద్దుతుంటే అది చేరడం మరింత కష్టమవుతుంది. పిల్ల నోరు మూయించే ఆ అలవాటును దయచేసి ఈరోజే మానుకోండి.

ఆరు నెలల ఏఐ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. గణితం, ప్రోగ్రామింగ్ పునాది లేని బి.ఏ. విద్యార్థికి అంత తక్కువ కాలంలో సర్టిఫికెట్ దక్కవచ్చు గానీ పనితనం దక్కదు. ఫీజు కట్టే ముందు, పాత బ్యాచ్‌లో బి.ఏ. నుంచి వచ్చి చేరినవారిని కలిసి, ఇప్పుడేం చేస్తున్నారో వారినే అడగండి. మీరు ఎంతో ఆశపడుతున్న ఆ ఏఐకి వ్యాకరణం ఎంత తెలుసో చూడటానికి కూడా మంచి వాక్యాన్ని, తప్పు వాక్యాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షిస్తున్నారు.

భాషాశాస్త్రానికి ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మీకు దగ్గరలోనే ఉన్నాయి. ఎం.ఏ. కాగానే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. విశ్వవిద్యాలయంలో బోధించాలంటే నెట్, సెట్ వంటి అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ కావాలి, అందుకు ఇంటిల్లిపాదికీ ఓపిక ఉండాలి.

ఈ వేసవిలో ఆమెను ఇరవై ఇంగ్లిష్ వాక్యాలు, సగం సరైనవి, సగం తప్పువి, రాయమనండి. మీ వీధిలోని ఇంటర్ పిల్లల చేత ముందు గబగబా, మరోరోజు నింపాదిగా జవాబులు చెప్పించి, ఎవరు ఎక్కడ మాట మార్చారో నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఆ నోట్‌బుక్‌తో ఇద్దరూ రండి, దరఖాస్తు సంగతి అప్పుడు చూద్దాం.